అచ్చయ్యగారింటి ఘటం

మింగళ తౌంగ్‌న్యున్, యాంగాన్
5 నవంబరు 2023

అప్పలనరసమ్మ వదినకి,

ఇక్కడ కరెంటు తప్ప అందరం బాగున్నాం. అది నాలుగ్గంటలు ఉంటుంది, నాలుగ్గంటలు పోతుంది. అక్కడ నువ్వూ, నీ మోకాళ్లూ, నీ గొణుగుడూ క్షేమమే అనుకుంటాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. పోయిన నెల ఫోనులో నేను అరగంట అరిస్తే నువ్వు "సరే, ఉంటాను" అని పెట్టేశావు. నీకు ఒక్క ముక్క వినబడలేదు గాని, మా ఇంటి సంగతులన్నీ పక్కింటివాళ్లకి తెలిసిపోయాయి. అందుకని కాగితం తీశాను.

అసలు సంగతి ఇది. వచ్చే ఉగాది ముందటి కొత్త అమావాస్యకి నూకాలమ్మ పండగలో నెత్తిన ఘటం ఎత్తి ఊరేగడానికి ఆడమనిషి లేదు. ఇన్నేళ్లూ ఎత్తిన కుటుంబం తామ్వేలో ఇల్లు అమ్ముకుని బ్యాంకాక్ వెళ్లిపోయింది. గుడి పెద్ద ఢిల్లేశ్వరరావు గారు ఇంటింటికీ తిరిగి అడుగుతున్నారు. మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకి ఉన్నట్టుండి ఏదో పని గుర్తొచ్చింది.

నీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తాను. యుద్ధం రోజుల్లో మా అయ్య ఇరవయ్యారో వీధిలో మెనాషే సాహెబు బట్టల కొట్లో మూటలు కట్టేవాడు. సాహెబు యూదుడు. జపాను సిపాయిలు ఊళ్లోకి వచ్చాక, యూదులంతా తెల్లవాళ్ల మనుషులని ఒక్కొక్కరినీ పట్టుకుపోవడం మొదలుపెట్టారు. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. సాహెబు పెళ్లాం పిల్లలు అంతకుముందే ఓడెక్కి కలకత్తా చేరుకున్నారు. ఆయన మాత్రం తమ గుడిని విడిచిపెట్టలేక ఉండిపోయాడు. నలభై రెండు నవంబరులో ఒకరోజు ఆయన కనబడలేదు. నెత్తురు మరకలతో ఆయన కోటు చిమిండైంగ్ రేవు దగ్గర దొరికింది.

సిపాయిలు మా అయ్యని నూకాలమ్మ గుడికి లాక్కొచ్చారు. ఘటం మీద చెయ్యి వేసి మావాళ్లు అబద్ధం ఆడరని అప్పటి గుడి పెద్ద, అంటే ఢిల్లేశ్వరరావు గారి తండ్రి, వాళ్లకి చెప్పాడు. అయ్య ఘటం మీద చెయ్యి వేసి, "సాహెబుని నానే సంపినాను. నా సేతుల్లోనే సచ్చినాడు" అన్నాడు. వాళ్లకి కావలసిందీ అదే. వీపు తట్టి, ఒక బస్తా బియ్యం బహుమతిగా ఇచ్చి పంపారు. అయ్య ఆ బస్తా గుడి ముందే దించేసి ఇంటికి వచ్చాడట.

ఆనాటి నుంచి, చేతికి నెత్తురంటిన ఇంట పుట్టిన ఆడదైనా, మెట్టిన ఆడదైనా ఘటం ఎత్తకూడదన్నారు. మమ్మల్ని పెళ్లిళ్లకి పిలుస్తారు, పక్కన కూర్చుని తింటారు, ఘటం మాత్రం ఇవ్వరు. మా అమ్మ ఎత్తకుండానే పోయింది. నాకు డెబ్బై మూడు నిండుతున్నాయి. నాకు ఒక్కసారి ఎత్తాలని ఉంది వదినా. ఇంత వయసొచ్చి ఇదేం కోరికని నువ్వనుకుంటే అనుకో.

అయ్య చంపాడంటే నేను నమ్మను. కోడిని కొయ్యాలన్నా పక్కింటివాళ్లని పిలిచి తను వీధి చివరిదాకా వెళ్లిపోయే మనిషి. ఆ మాటే ఢిల్లేశ్వరరావు గారితో అన్నాను. ఆయన మంచాయనే. "మీ అయ్య నోటితోనే అన్నాడు గదమ్మా. కాదనడానికి ఏటైనా కాగితముక్క ఉంటే తీసుకురా. మాఘ పౌర్ణమికి పెద్దలం కూకుంటాం" అన్నారు.

సిపాయిలకి భయపడి అయ్య ఏమైనా అని ఉండొచ్చు. సొంత అక్కకి మాత్రం నిజమే రాస్తాడు కదా. మీ అమ్మ, మా దాలమ్మత్త, అప్పుడు మోల్మేన్‌లో ఉంది. అరవై నాలుగులో మీరు ఓడెక్కినప్పుడు అత్త ఒక ఇనప్పెట్టె దగ్గర నుంచి కదల్లేదు. ఆ పెట్టె వెతుకు. బద్ధకించకు.

నీ మరదలు,
మణిమాల


బర్మా క్యాంపు, విశాఖపట్నం
28 నవంబరు 2023

మణికి,

నిండు నూరేళ్లు ఉండు. నీ ఉత్తరం పంతొమ్మిది రోజుల్లో వచ్చింది. మా ఊరి సిటీ బస్సు కంటే నయమే. మేమంతా కులాసా. నా కళ్లకి మాత్రం శుక్లాలట, రెండింటికీ. ప్రపంచమంతా పాత పటంలా పచ్చగా కనబడుతోంది. మొన్న గుడికి తెల్లచీర కట్టుకెళ్లి, పసుపుచీర బాగుందా అని అందరినీ అడిగానట. మనవరాలు అరుణశ్రీ ఇంకా నవ్వుతూనే ఉంది. ఫిబ్రవరిలో ఆపరేషను చేయిస్తామంటున్నారు.

ఇక్కడ మన వీధి మొదట్లో ఒకతను ఖౌస్వే నూడిల్స్ బండి పెట్టాడు. మన మోల్మేన్ రుచి రాదు, కానీ ఆ బండి ముందు నిలబడితే చిన్నప్పటి వాసన వస్తుంది. నేను తినకూడదట. నిలబడి వచ్చేస్తుంటాను.

పెట్టె సంగతి. తీశాను. చెదలు తినేసి పొడి మిగిలింది. ఏమీ లేదమ్మా. అయినా మా అమ్మ అలాంటివి దాచే మనిషి కాదు. చావు కబురున్న ఉత్తరం వస్తే గుమ్మం బయటే చదివించుకుని, అక్కడికక్కడే చించేసి, నెత్తిన నీళ్లు పోసుకున్నాకే లోపలికి వచ్చేది. తన నాన్న పోయిన కబురు మోసుకొచ్చిన ఉత్తరాన్ని కూడా అలాగే చించేసింది. కాబట్టి ఆ ఆశ వదులుకో.

ఈ వయసులో నీళ్లకుండ నెత్తిన పెట్టుకుని ఊరేగితే మెడ పట్టేస్తుంది. ఎవరో ఒకరు ఎత్తుతారులే. నువ్వు పక్కన నిలబడి దండం పెట్టుకో. అమ్మవారికి అందరూ ఒకటే.

ఆశీర్వాదాలతో,
అప్పలనరసమ్మ


మింగళ తౌంగ్‌న్యున్
20 డిసెంబరు 2023

వదినకి,

చెదలా? ఇనప్పెట్టెకా?

నీ ఉత్తరం మనవరాలు దేవికి చదివి వినిపించాను. దానికి తెలుగు అర్థమవుతుంది గాని బర్మీసులోనే జవాబిస్తుంది. అది కూడా నవ్వింది. అబద్ధమాడేటప్పుడు ఆ మాత్రం చూసుకోవద్దూ? నువ్వు ఎనిమిదేళ్లప్పుడు బెల్లం తినేసి పిల్లి తిందన్నావు. ఇప్పటికీ నీకు ఆ విద్య పట్టుబడలేదు.

నేను నవ్వాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెట్టెలో ఏదో ఉంది. నువ్వు దాచావు. ఎందుకు? మీ ఇంటి కోడళ్ల ముందు మేనమామ మాట ఎత్తడం నామోషీనా? లేక మరదలి నెత్తిన ఘటం చూడలేకనా? ఓడ ఎక్కిన రోజు నా తనకా రాయి నీ మూటలో పెట్టుకుపోయావు. ఆ రాయి మీద తనకా చెక్క అరగదీసి ముఖానికి రాసుకుంటే నాకంటే తెల్లబడతానని ఆశ. అరవై ఏళ్లు ఆ సంగతి ఎత్తానా? ఈరోజు ఎత్తుతున్నాను.

మాఘ పౌర్ణమికి రెండు నెలలు ఉంది. ఢిల్లేశ్వరరావు గారికి కాగితం తెస్తానని మాటిచ్చాను. నా కోసం కాకపోయినా, నిన్ను బుజం మీద ఎక్కించుకుని పగోడా చూపించిన మా అయ్య కోసం వెతుకు.

కోపంతోనే,
మణిమాల


బర్మా క్యాంపు, విశాఖపట్నం
9 జనవరి 2024

మణీ,

నువ్వు తిట్టిన తిట్లన్నీ తిన్నాను. రాయి తీసుకున్న మాట నిజమే. తెల్లబడలేదు. నువ్వు పెట్టిన శాపమేదో అప్పుడే తగిలినట్టుంది.

ఉత్తరం దొరికింది. మొదటి రోజే దొరికింది. చదివి మళ్లీ పెట్టెలో పెట్టేసి, నీకు చెదల కథ రాశాను. నామోషీ కాదు, ఈర్ష్య కాదు. నీ మొహం తలుచుకుని రాయలేకపోయాను. ఇప్పుడు నువ్వు నన్ను పగదాన్ని చేశావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మంచం మీద కూర్చుని చదువు.

"మోల్మేన్‌లో ఉన్న దాలమ్మ అక్కకి తమ్ముడు అచ్చయ్య దణ్ణాలు. మెనాషే సాహెబు ఇక లేడు. నా చేతుల మీదే పోయాడు. సిపాయి దొరలకి ఘటం మీద ప్రమాణం చేసి చెప్పాను. నూకాలమ్మకి మేకని కోశాను. నెత్తిన నీళ్లు పోసుకున్నాను. నువ్వు ఏడవకు. ఈ పడవలోనే మన పెద్దమ్మ మనవడు దండాసిని పంపుతున్నాను. మూగవాడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. రొయ్యలు పెట్టకు, పడవు. నేను వచ్చి తీసుకెళ్లేదాకా నీ దగ్గరే ఉంచుకో."

అంతే. కింద మావయ్య సంతకం, పక్కన ఉత్తరం తనిఖీ చేసిన సిపాయి ముద్ర. సిపాయిలకి భయపడి అన్నాడని నువ్వు రాశావు. సొంత అక్కకి కూడా అదే రాశాడు మణీ. ఇంకేం చెప్పను?

ఈ దండాసి మాట మా అమ్మ నోటి వెంట చాలాసార్లు విన్నాను. మూడేళ్లు మా ఇంట్లోనే ఉన్నాడట. రొయ్యలు ముట్టడు. శనివారం వస్తే పొయ్యి దగ్గరికి కూడా వెళ్లడు. వెంకన్నబాబుకి శనివారం మొక్కుందని అమ్మ వీధిలో అందరికీ చెప్పేదట. మూగవాడైనా ఎంత భక్తో అని వాడకట్టు ఆడవాళ్లు వాడికి అరటిపళ్లు ఇచ్చేవాళ్లట. ఆ కథ చెప్పినప్పుడల్లా అమ్మ నవ్వు ఆపుకోలేకపోయేది. నేను పుట్టకముందే వెళ్లిపోయాడు. ఏం చెయ్యను, నిన్ను కాస్త నవ్విద్దామని రాశాను. నాకే నవ్వు రావడం లేదు.

మావయ్య నన్ను బుజం మీద ఎక్కించుకున్నది నాకు గుర్తుంది. ఆ మనిషీ ఈ ఉత్తరమూ ఒకటి కావని నా మనసు మొత్తుకుంటోంది.

నీ వదిన


మింగళ తౌంగ్‌న్యున్
29 జనవరి 2024

వదినకి,

ఉత్తరం చేరింది. నీ తప్పేమీ లేదు. తిట్టినందుకు క్షమించు.

నిన్న ఢిల్లేశ్వరరావు గారింటికి వెళ్లి ఘటం మాకు అక్కర్లేదని చెప్పి వచ్చాను. ఎందుకని ఆయన అడగలేదు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ మాత్రం సందు చివరిదాకా నాతో నడిచి వచ్చింది. దేవికి ఇంకా చెప్పలేదు. అది రోజూ బిందెడు నీళ్లు నెత్తిన పెట్టుకుని గదిలో అటూ ఇటూ నడుస్తోంది, నాకు సాయం పట్టాలని. నేల మొత్తం తడిపేసింది.

ఒకే ఒక్కటి అడుగుతాను. ఆ ఉత్తరం అసలుది నాకు పంపించు. అయ్య రాసిన ముక్క ఒక్కటి కూడా నా దగ్గర లేదు. చంపినవాడైనా సరే, నాకు ఆయన చేతిరాత కావాలి. మా వీధి వాసు అక్కడ బంధువుల పెళ్లికి వచ్చాడు. వచ్చే నెల నడిమిలో తిరిగి వస్తాడు, అతని చేతికియ్యి.

మణిమాల


బర్మా క్యాంపు, విశాఖపట్నం
14 ఫిబ్రవరి 2024

మణికి,

వాసు వచ్చాడు. ఉత్తరం రెండు అట్టల మధ్య పెట్టి ఇచ్చాను. దానితో పాటు పలాస జీడిపప్పు, చింతకాయ పచ్చడి పంపాను. విమానం వాళ్లు పచ్చడి వాసన చూసి దించేస్తారేమోనని వాసు దిగులు. నాలుగు సంచుల్లో కట్టి పంపించాను.

మొన్ననే కుడికన్నుకి ఆపరేషను అయింది. పట్టీ ఉంది కాబట్టి అరుణశ్రీ చేత రాయిస్తున్నాను. రెండోది వచ్చే నెల. నువ్వు భోజనం మానకు. దేవిని కోప్పడకు.

నీ వదిన

(నేను అరుణశ్రీని. అమ్మమ్మ చెప్పినంతా రాశాను. ఏడ్చిన సంగతి రాయొద్దంది కాబట్టి రాయడం లేదు.)


మింగళ తౌంగ్‌న్యున్
27 ఫిబ్రవరి 2024

నా బంగారు వదినకి,

కూర్చున్నావా? మంచం మీద వద్దు, గట్టి కుర్చీలో కూర్చో. నవ్వితే పడిపోతావు.

వాసు పోయిన మంగళవారం వచ్చాడు. పచ్చడి భద్రంగా చేరింది. ఉత్తరం చేతికిస్తే మూడు రోజులు విప్పలేదు. శుక్రవారం పొద్దున్న, వీధివైపు కిటికీ దగ్గర ఎండలో కూర్చుని అట్టలు తీశాను. అయ్య అక్షరాలు చూసి కళ్లు మసకబారి ఒక్క ముక్కా కనబడలేదు. దేవి నా బుజం మీంచి తొంగి చూసి, "అమ్మమ్మా, ఈ మూలల్లో మరకలేటి? కూర ఒలికిందేటి?" అని తన బర్మీసులో అంది.

ఒక మూల కాదు వదినా. నాలుగు మూలలా. వేలితో అద్ది పెట్టినట్టు, నాలుగూ ఒకేలా. పసుపు!

దేవి పాపం ఫోన్ల కాలంలో పుట్టిన పిల్ల, దానికేం తెలుసు? చావు కబురుకి నాలుగు మూలలా పసుపు పెట్టి పంపే మనిషి మన కులంలో, మన ఊళ్లో, మన భాషలో ఎక్కడైనా ఉంటాడా? శుభవార్తకే గదా పసుపు. సిపాయి అక్షరాలు చదివించుకుని ముద్ర కొట్టాడు. పసుపుని చదవడం వాడికెవరు నేర్పుతారు?

ఆ తర్వాత ఒక్కొక్కటీ వాటంతట అవే వచ్చి వరసలో నిలబడ్డాయి. చావు ఉత్తరాన్ని గుమ్మం లోపలికి రానివ్వని మా అత్త, ఇది ఒక్కటి ఎనభై ఏళ్లు ఇనప్పెట్టెలో ఎందుకు దాచింది? తిండికి లేని రోజుల్లో మేకని ఎందుకు కోశాడు? కోటు మీద నెత్తురు ఎక్కడిదో ఇక నువ్వే చెప్పుకో. ఇక ఆ దండాసి! పెళ్లికి ముందు నేను ఇరవయ్యారో వీధిలో రంగుల కొట్లో మూడేళ్లు పనిచేశాను. యూదుల గుడి మా కొట్టుకి నాలుగు అంగల దూరం. శనివారం వాళ్లు నిప్పు ముట్టరనీ, రొయ్యలు తినరనీ ఆ వీధిలో టీ అమ్మేవాడికి కూడా తెలుసు. నువ్వు జనవరిలో రాసినప్పుడే నాకు తట్టాల్సింది. ఏడుపులో పడి ఆ పేరా సరిగ్గా చదవలేదు.

మెనాషే సాహెబు చావలేదు వదినా. మూడేళ్లు మీ ఇంట్లో అన్నం తిన్నాడు. వెంకన్న భక్తుడని మీ వీధివాళ్లు పెట్టిన అరటిపళ్లు తిన్నాడు. తెలుగు మాట్లాడితే దొరికిపోతాడని మూగవాణ్ణి చేశారు.

నీ కళ్లనేమనాలి? అంత పసుపు నీకు కనబడలేదా అని తిట్టబోయి ఆగాను. తెల్లచీరే పసుపుగా కనబడే మనిషికి పసుపు మరక ఎలా కనబడుతుంది?

మర్నాడే మాఘ పౌర్ణమి. పెద్దలు గుడి పక్క గదిలో కూర్చున్నారు. నేను పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్లి ఉత్తరం చాప మీద పెట్టాను. నేను ఏమీ చెప్పలేదు, చూడమన్నాను అంతే. ఢిల్లేశ్వరరావు గారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. మొహం చిన్నబోయింది. తర్వాత కాగితం మడవబోతూ మూల దగ్గర వేలు ఆపారు. నాలుగు మూలలూ తిప్పి తిప్పి చూశారు. "సావు ఉత్తరానికి పసుపు ఏ తెలుగోడూ ఎట్టడు" అన్నారు, తనలో తను అనుకున్నట్టు. అప్పుడు దండాసి కథ, మేక సంగతి అన్నీ చెప్పాను. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఢిల్లేశ్వరరావు గారు నొచ్చుకుంటూనే అన్నారు: "సంపలేదన్నది నిజమేనమ్మా. అంటే, మీ అయ్య ఘటం మీద సెయ్యేసి అబద్ధపు పెమానం సేసినాడన్నమాట. అదీ తప్పే గదా."

వదినా, అప్పుడు నాకు అయ్య అర్థమయ్యాడు. యుద్ధం అయిపోయాక కూడా ఎందుకు నోరు విప్పలేదో అర్థమైంది. విప్పితే అమ్మవారి ఘటం మీద అబద్ధమాడినవాడవుతాడు. ఆ మాట బయటికి చెప్పలేక, హంతకుడన్న పేరు చచ్చేదాకా మోశాడు. నాకైనా చెప్పొచ్చు కదా అని అయ్య మీద ఎంత కోపం వచ్చిందో, అంత ప్రేమ వచ్చింది. అక్కడే అందరి ముందూ ఏడ్చాను.

లక్ష్మీనరసమ్మ టీ కప్పులు తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ పెద్దల్లో మనిషి కాదు, పెద్దలకి టీ ఇచ్చే మనిషి. కప్పులు కింద పెట్టి, మొగుడి వైపు చూసి, నెమ్మదిగా అంది: "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి సెయ్యమన్నారు. ఒక పేనం నిలబెట్టడానికి ఒక్క అబద్ధం ఆడకూడదేటి? అమ్మోరికి ఆ మాత్రం తెల్దేటి?"

ఢిల్లేశ్వరరావు గారు టీ తాగడం కూడా మర్చిపోయారు. ఆ తర్వాత, అమావాస్యకి ముందు వారం నుంచి ఒంటిపూట భోజనం చెయ్యమనీ, కొత్తకుండ తనే తెప్పిస్తాననీ నాతో అన్నారు. అంటే ఏమిటో తెలుసు కదా?

ఘటం మాది వదినా!

నీ మరదలు,
మణిమాల


బర్మా క్యాంపు, విశాఖపట్నం
18 మార్చి 2024

నా తల్లీ మణీ,

నీ ఉత్తరం అరుణశ్రీ చదువుతుంటే విన్నాను. మళ్లీ నేనే చదువుకున్నాను, కొత్త కన్నుతో. మూడోసారి బండి దగ్గరికి వెళ్లి ఖౌస్వే తింటూ చదివాను. ఎవరైనా ఏమైనా అననీ, ఈ ఒక్కరోజు తిన్నాను.

మా అమ్మ నన్ను బతికినన్నాళ్లూ మోసం చేసింది చూశావా? దండాసి కథలో ఇంకో ముక్క ఉంది. నీకు రాయలేదు, ఎందుకంటే అది నేను అమ్మవారి మహిమ అనుకున్నాను. యుద్ధం అయ్యాక కలకత్తా ఓడ వచ్చిందట. దండాసిని ఓడ ఎక్కించడానికి అమ్మ రేవుకి వెళ్లింది. మూడేళ్లు నోరు విప్పనివాడు ఓడ మెట్టు మీద నిలబడి, రేవు రేవంతా వింటుండగా, "అక్కా, ఎల్లొస్తాను" అన్నాడట. మూగవాడికి మాట వచ్చిందని మోల్మేన్ ఆడవాళ్లంతా నూకాలమ్మకి చలిమిడి చేసి పంచారు. అమ్మ కూడా పంచింది! ఎంత గుండె ఆవిడకి! పంచుతూ ఎంత నవ్వుకుని ఉంటుందో. మూడేళ్లలో మనవాళ్ల యాస కూడా పట్టేశాడు చూడు, ఆ సాహెబు.

తిన్నగా కలకత్తా, పెళ్లాం పిల్లల దగ్గరికి వెళ్లిపోయాడు కాబట్టి, తన పేరున అక్కడ మావయ్య ఏం మోస్తున్నాడో ఆయనకి తెలిసే దారి లేదు. తర్వాత ఏమయ్యాడో అమ్మకీ తెలియదు. బతికి ఉంటాడులే, పిల్లలు మనవలు కలిగి. నేను మాత్రం అలాగే అనుకుంటున్నాను.

నువ్వు ఒంటిపూట అంటూ కడుపు మాడ్చుకోకు. కుండలో నీళ్లు సగం పోయించు, ఎవరూ చూడరు. రాయి మాత్రం తిరిగి ఇవ్వను.

నీ వదిన


మింగళ తౌంగ్‌న్యున్
10 ఏప్రిల్ 2024

వదినకి,

నిన్న ఉగాది పచ్చడి తిని పడుకున్నదాన్ని ఈ పొద్దున్న లేచాను. మొన్న అమావాస్య నాడు ఏం జరిగిందో నీకు రాసేదాకా ఇంకే పనీ ముట్టనని దేవితో చెప్పాను. వంట అదే చేస్తోంది. చేపల పులుసుతో మొహింగా చేస్తానని మొదలుపెట్టింది, ఏమవుతుందో చూడాలి.

ఊరేగింపుకి మా సందు, పక్క సందు వరకే అనుమతి వచ్చింది. పగలే ముగించెయ్యాలన్నారు. అందుకని పొద్దున్న ఎనిమిదింటికే బయల్దేరాం. మేళం వాళ్లు ఇద్దరే దొరికారు. ఇద్దరూ బర్మా కుర్రాళ్లు, మన డప్పు దెబ్బ మనవాళ్ల కంటే బాగా వేశారు. వేపమండలు మాత్రం నిండుగా ఉన్నాయి. కుండలో నీళ్లు సగం పోయించమన్నావు కదా. ఢిల్లేశ్వరరావు గారు అంచు దాకా పోశారు. నేను వద్దనలేదు.

నెత్తిన పెట్టిన క్షణం మెడ వణికింది. దేవి వెనకాల రెండు చేతులూ చాపి నడిచింది, నేను పడితే కుండని పట్టుకుంటుందో నన్ను పట్టుకుంటుందో నాకు తెలియదు. నాలుగు అడుగులు వేశాక బరువు తెలియడం మానేసింది.

నువ్వు చిన్నప్పుడు చూశావో లేదో, ఇక్కడ ఒక ఆచారం ఉంది. ఘటం గుమ్మం ముందు ఆగితే, ఆ ఇంటి ఇల్లాలు బిందెతో వచ్చి, ఎత్తినామె కాళ్ల మీద నీళ్లు పోసే ముందు, "ఎవరింటి ఘటం?" అని అడుగుతుంది. ఇంటి పెద్ద పేరు చెప్పాలి. చెప్పాకే నీళ్లు పోస్తుంది. అన్నీ ఆలోచించుకున్నాను గాని, వదినా, ఈ సంగతి మర్చేపోయాను. మా ఆయన పేరు చెప్పాలి న్యాయానికి. ఇన్నేళ్లూ ఎత్తినవాళ్లంతా మొగుడి పేరో మామ పేరో చెప్పారు.

మొదటి గుమ్మం ఢిల్లేశ్వరరావు గారిదే. లక్ష్మీనరసమ్మ పట్టుచీర కట్టుకుని బిందె పట్టుకుని నిలబడింది. "ఎవరింటి ఘటం?" అంది.

"అచ్చయ్యగారింటి ఘటం" అన్నాను.

ఈ వీధిలో ఎనభై ఒక్క ఏళ్లుగా ఆ పేరు ఎవరూ పైకి అనలేదు. అనాల్సి వస్తే గొంతు తగ్గించి "ఆ ఇంటాయన" అనేవాళ్లు. నేను కూడా పైకి అనడం తగ్గించేశాను, అది ఇప్పుడు తెలిసింది. లక్ష్మీనరసమ్మ ఒక్క క్షణం నా మొహం చూసి బిందె వంచింది. చల్లటి నీళ్లు. పాదాలు మొత్తం తడిశాయి. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, నవ్వు వచ్చింది.

రెండో గుమ్మం దగ్గర ఇంకొంచెం గట్టిగా అన్నాను. మూడో గుమ్మం దగ్గర అవసరం లేనంత గట్టిగా అన్నాను. బర్మా వాళ్ల ఇళ్ల ముందు కూడా ఆగాం. వాళ్లు అడగడం ఎలాగో తెలియక నీళ్లు పోసేస్తుంటే, దేవి బర్మీసులో ఆచారం చెప్పి అడిగించింది. ఏడో గుమ్మానికి నా గొంతు బొంగురుపోయింది. అప్పుడు దేవి అందుకుంది. పుట్టి బుద్ధెరిగాక అది వీధిలో నిలబడి ఒక తెలుగు మాట గట్టిగా అనడం నేను మొదటిసారి చూశాను.

రెండు సందుల్లో పదిహేడు గుమ్మాలు వదినా. చివరిది వాసు వాళ్లది. వాసు భార్య బిందె పట్టుకుని నోరు తెరిచి "ఎవరిం..." అనేలోపే, వెనకాల వస్తున్న జనం, పెద్దలు, డప్పు కొట్టే ఆ బర్మా కుర్రాళ్లు ఇద్దరూ, అందరూ ఒక్కసారిగా అనేశారు: "అచ్చయ్యగారింటి ఘటం!"

నీ మరదలు,
అచ్చయ్యగారి మణిమాల